నుదుటి మీద ఊదారంగు గుడ్డ

జపాన్ సంప్రదాయ నాటకమైన కబుకిలో నటులు ఆడవేషంలో ఉన్న జపాన్ చెక్క అచ్చు చిత్రాలు ఎక్కడైనా కనిపిస్తే ముందు నుదుటి పైభాగం చూడండి. చాలావాటిలో జుట్టు మొదలయ్యే చోట చిన్న ఊదారంగు గుడ్డ ఉంటుంది. ప్రభుత్వ ఆజ్ఞ వల్ల వచ్చిన గుడ్డ అది.

అసలు కబుకిని మొదలుపెట్టింది ఆడమనిషే. 1603 ప్రాంతంలో క్యోటోలో ఒకుని అనే ఆమె చేసిన నాట్యంతో అది పుట్టింది. ఆటకత్తెల కోసం గొడవలు, ఆటల చాటున వేశ్యావృత్తి పెరిగాయంటూ అప్పట్లో జపాన్‌ను ఏలిన తొకుగావా ప్రభుత్వం 1629లో స్త్రీలను వేదిక ఎక్కనివ్వకుండా నిషేధించింది. వాళ్ల చోటికి కుర్రాళ్లు వచ్చారు. మళ్లీ అవే గొడవలు. 1652లో వాళ్లనీ ఆపేశారు. ఇక ఆడాలంటే ముందుజుట్టు గొరిగించుకుని పెద్ద మగవాళ్లలా ఉండాలన్నారు. గొరిగిన తలతో రాకుమారి వేషం ఎలా కడతారు? గుడ్డ కప్పుకున్నారు. తర్వాత విగ్గులు వచ్చినా ఆ గుడ్డ పోలేదు, ఆడవేషానికి గుర్తుగా మిగిలిపోయింది.

ఈ నటులను ఒన్నగాత అంటారు. వాళ్లలో గొప్పవాడైన యోషిజావా అయామె, వేదిక దిగాక కూడా స్త్రీలాగే మెలగాలనేవాడు.

తొలినాటి చిత్రాల్లో మాత్రం నటుడి ముఖం ఉండదు. తొరీ వంశం వాళ్లు గీసిన వాటిలో అందరిదీ ఒకే అందమైన ముఖం. ఎవరో తెలియాలంటే పక్కన రాసిన పేరో, బట్టల మీది కుటుంబ చిహ్నమో చూడాల్సిందే. 1765లో పూర్తి రంగుల అచ్చు వచ్చింది. 1770 నాటికి కత్సుకావా షున్షో, బున్చో నటుల అసలు పోలికలు గీయడం మొదలుపెట్టారు.

1794లో షరకు అనే చిత్రకారుడు వచ్చాడు. పది నెలల్లో 140కి పైగా చిత్రాలు చేసి మాయమయ్యాడు. షిగెనోయి అనే ఆడపాత్రలో నాలుగో ఇవాయి హన్‌షిరో అనే ఒన్నగాతను గీసిన చిత్రం నాకు ప్రాణం. వెనక ముదురు అభ్రకపు మెరుపు. ముందు గుండ్రటి బొద్దు ముఖం. ఆ ముఖాన్ని సన్నగా చేసి అందగత్తెను చేయలేదు. ఆడవేషం చెరగలేదు, లోపలి మనిషీ దాగలేదు. నిజాన్ని మరీ ఎక్కువగా గీయబోయాడు కాబట్టే ఎక్కువకాలం నిలవలేదని అప్పట్లోనే రాశారు.

1842లో ప్రభుత్వం నటుల చిత్రాల మీదే నిషేధం పెట్టింది. కొన్నాళ్లకు అవి నటుడి పేరు లేకుండా మళ్లీ బయటికొచ్చాయి. అప్పటికి జనానికి పేరుతో పనిలేదు, ముఖం చూసే గుర్తుపట్టి కొనుక్కునేవాళ్లు.