"ఫార్మాట్ కొట్టించినా మళ్లా వచ్చింది": ట్రోజన్లు, రూట్‌కిట్లపై అపోహలు - వాస్తవాలు

"మొన్ననే ఫార్మాట్ కొట్టిస్తిమి అన్నా, మళ్లా వచ్చేసింది." కర్నూలు రాజ్ విహార్ దగ్గరైనా, అనంతపురం సప్తగిరి సర్కిల్‌లోనైనా, కడప ఏడు రోడ్ల కూడలిలోనైనా సిస్టమ్ రిపేరు బల్ల మీదికి తరచూ వచ్చే మాట ఇది. వైరస్ మళ్లీ రావడానికి కారణం సాధారణంగా ఈ మూడింట్లో ఒకటి. అది దాక్కున్న చోట కాకుండా ఇంకోచోట శుభ్రం చేసి ఉంటారు, లేదా వచ్చిన దారి తెరిచే ఉంటుంది, లేదా అసలు వైరసే లేకుండా వైరస్ అనుకుని ఉంటారు. ఈ మూడు తప్పులూ కింది అపోహల్లోంచే పుడతాయి.

అపోహ: యాంటీవైరస్ స్కాన్ చేసి "ఏమీ లేదు" అంది, కాబట్టి ఏమీ లేదు.

వాస్తవం: ట్రోజన్ అంటే మనకు కావలసిన ఫైలు వేషంలో వచ్చి, మన చేత్తోనే క్లిక్ చేయించుకునేది. తనంతట తాను పక్క సిస్టమ్‌కు పాకదు. రూట్‌కిట్ పని వేరు. లోపలికి వచ్చినదాన్ని కనపడకుండా దాచడం దాని ఉద్యోగం. అందుకని అది తరచూ విండోస్ గుండెకాయ లాంటి కెర్నల్‌లో డ్రైవర్ రూపంలో కూర్చుంటుంది. "ఈ ఫోల్డర్‌లో ఏ ఫైళ్లున్నాయి?" అని యాంటీవైరస్ విండోస్‌ను అడుగుతుంది. ఆ జవాబు రూట్‌కిట్ చేతుల మీదుగా వస్తుంది కాబట్టి, తన ఫైళ్ల పేర్లు తీసేసి మిగతావి అందిస్తుంది. దొంగే తలుపు తీసి "ఇంట్లో ఎవరూ లేరు" అని చెప్పినట్టు.

అందుకే రూట్‌కిట్ అనుమానం ఉంటే ఆ విండోస్ నడవనప్పుడు డిస్క్‌ను బయటినుంచి చదవాలి. ఇంట్లోనే చేసుకోగల దారి విండోస్‌లోనే ఉంది. విండోస్ సెక్యూరిటీ తెరిచి, వైరస్ అండ్ థ్రెట్ ప్రొటెక్షన్‌లో స్కాన్ ఆప్షన్స్ నొక్కి, మైక్రోసాఫ్ట్ డిఫెండర్ ఆఫ్‌లైన్ స్కాన్ ఎంచుకోండి. తెరిచి ఉన్న ఫైళ్లు ముందే సేవ్ చేసుకోండి, ఎందుకంటే సిస్టమ్ వెంటనే రీస్టార్ట్ అవుతుంది. స్కాన్ సుమారు 15 నిమిషాలు పడుతుంది, పాత హార్డ్‌డిస్క్ అయితే ఇంకాస్త ఎక్కువ. ఫలితం తర్వాత ప్రొటెక్షన్ హిస్టరీలో కనిపిస్తుంది.

రెండో దారి, వేరే మంచి సిస్టమ్‌లో తయారుచేసిన రెస్క్యూ డిస్క్‌తో, అంటే స్కానర్ ఉన్న పెన్‌డ్రైవ్‌తో, బూట్ చేయడం. ఇక్కడ చాలామంది రెండు చోట్ల తడబడతారు. ఒకటి, విండోస్ 10, 11లో షట్‌డౌన్ చేస్తే ఫాస్ట్ స్టార్టప్ వల్ల సగం నిద్రలోనే ఉంటుంది. అప్పుడు లైనక్స్ మీద నడిచే రెస్క్యూ డిస్క్ ఆ డ్రైవ్‌ను చదువుతుందే గానీ అందులో ఏదీ మార్చలేకపోవచ్చు. రీస్టార్ట్ కొట్టి, అక్కడినుంచే పెన్‌డ్రైవ్‌తో బూట్ చేస్తే ఈ చిక్కు ఉండదు. రెండోది, కొత్త ల్యాప్‌టాప్‌లలో బిట్‌లాకర్ అనే డిస్క్ తాళం మనకు తెలియకుండానే ఆన్ అయి ఉండొచ్చు. డిస్క్ తాళం వేసి ఉంటే స్కాన్‌కు లోపల ఏమీ కనపడదు, "ఏమీ దొరకలేదు" అంటే అర్థం లేదు. మైక్రోసాఫ్ట్ అకౌంట్‌లోకి వెళ్లి 48 అంకెల రికవరీ కీ కాగితం మీద రాసుకున్న తర్వాతే బూట్ సెట్టింగులు ముట్టుకోండి.

అపోహ: సిస్టమ్ బాగానే నడుస్తోంది, రూట్‌కిట్ ఎందుకుంటుంది?

వాస్తవం: బాగా నడిస్తేనే దానికి లాభం. 2010 ఫిబ్రవరిలో మైక్రోసాఫ్ట్ ఒక అప్‌డేట్ విడుదల చేయగానే కొన్ని విండోస్ ఎక్స్‌పీ సిస్టమ్‌లు బ్లూ స్క్రీన్ పడి ఆగిపోయాయి. అందరూ అప్‌డేట్‌నే తిట్టారు. తీరా చూస్తే ఆ సిస్టమ్‌లలో అల్యూరియన్ అనే రూట్‌కిట్ ముందునుంచే ఉంది. అది కెర్నల్‌లో కొన్ని చిరునామాలు ఎప్పటికీ మారవనుకుని రాసినది. అప్‌డేట్ వాటిని మార్చేసరికి బయటపడింది. అప్పటిదాకా ఆ సిస్టమ్‌లు వాడినవాళ్లకు ఏ తేడా తెలియలేదు.

అపోహ: సిస్టమ్ స్లో అయిందంటే వైరసే.

వాస్తవం: మన దగ్గర ఏప్రిల్, మే నెలల్లో వచ్చే "స్లో" కేసుల్లో వేడిని మొదట అనుమానించాలి. గది వేడెక్కి, హీట్‌సింక్‌లో దుమ్ము అట్టకట్టి, థర్మల్ పేస్ట్ ఎండిపోతే ప్రాసెసర్ తనను తాను కాపాడుకోవడానికి వేగం తగ్గించుకుంటుంది. పాత హార్డ్‌డిస్క్‌లో బ్యాడ్ సెక్టార్లున్నా అంతే. ముందు దుమ్ము దులపండి, డిస్క్ ఆరోగ్యం చూడండి.

అయితే ఒక్క గుర్తు మాత్రం గట్టిగా పట్టుకోవాలి. మనం ఏమీ చేయకపోయినా ఫ్యాన్ హోరున తిరుగుతుంది. టాస్క్ మేనేజర్ తెరవగానే చప్పుడు సద్దుమణుగుతుంది, సీపీయూ 5 శాతం చూపిస్తుంది. మూసిన కాసేపటికి మళ్లీ హోరు. ఇది దొంగచాటు క్రిప్టో మైనర్, అంటే మన సిస్టమ్ శక్తితో వాడికి క్రిప్టో డబ్బు సంపాదించిపెట్టే ప్రోగ్రామ్, లక్షణం. టాస్క్ మేనేజర్ తెరుచుకుంటోందేమోనని కనిపెట్టుకుని, తెరవగానే పని ఆపేస్తుంది.

అపోహ: ఆ ఫైలు డిలీట్ చేస్తే అయిపోయింది.

వాస్తవం: డిలీట్ చేసిన పది నిమిషాలకు అదే ఫైలు అదే చోట ప్రత్యక్షమైతే, దాన్ని తిరిగి తెచ్చేది ఇంకొకటి ఉందని అర్థం. ముందు నెట్ కేబుల్ పీకండి, వైఫై ఆపండి. లేకపోతే మీరు తీస్తుంటే అది దించుకుంటూనే ఉంటుంది. అవసరమైన టూల్స్ వేరే సిస్టమ్‌లో దించి తెచ్చుకోండి. మైక్రోసాఫ్ట్ సేఫ్టీ స్కానర్ వాడేట్టయితే దించిన 10 రోజులకు దాని గడువు తీరుతుంది, పోయిన నెలది పనికిరాదు.

విండోస్‌తో పాటు తమంతట తామే మొదలయ్యేవాటిని చూపించే మైక్రోసాఫ్ట్ వారి ఆటోరన్స్ అనే ఉచిత టూల్‌ను అడ్మినిస్ట్రేటర్‌గా తెరవండి. ఆప్షన్స్‌లో హైడ్ మైక్రోసాఫ్ట్ ఎంట్రీస్ పెడితే వందల వరుసలు కొన్ని పదులకు దిగుతాయి. పసుపు వరుస అంటే ఎంట్రీ ఉంది గానీ ఫైలు లేదు. గులాబీ వరుస అంటే తయారుచేసినవారి సంతకం సరిగా లేదు. గులాబీవన్నీ వైరస్ కాదు, పాత ప్రింటర్ డ్రైవర్లు కూడా అలాగే కనపడతాయి. షెడ్యూల్డ్ టాస్క్స్, సర్వీసెస్, డబ్ల్యూఎంఐ ట్యాబ్‌లు తప్పకుండా చూడండి, మొండి ట్రోజన్లు ఎక్కువగా అక్కడే పాగా వేస్తాయి. విండోస్ సర్వీసులను నడిపే అసలు ఎస్‌వీసీహోస్ట్ విండోస్‌లోని సిస్టమ్32 ఫోల్డర్‌లో ఉంటుంది. అదే పేరు యాప్‌డేటాలోనో టెంప్‌లోనో కనిపిస్తే అది దొంగ. అనుమానం ఉన్నదాని టిక్ తీసి చూడండి, వెంటనే డిలీట్ చేయొద్దు. పొరపాటైతే టిక్ తిరిగి పెట్టుకోవచ్చు.

తర్వాత విండోస్ సెక్యూరిటీలో ఎక్స్‌క్లూజన్స్, అంటే స్కాన్ చేయకుండా వదిలేసేవాటి జాబితా తెరవండి. చాలామంది ఈ మెట్టు మరిచిపోతారు. అక్కడ సీ డ్రైవ్ మొత్తం ఉందంటే, డిఫెండర్‌కు ఎవరో గంతలు కట్టేశారన్నమాట. మీరు పెట్టనివన్నీ తీసేయండి.

దొరికిందల్లా డిలీట్ చేయడంలో ఇంకో ప్రమాదం ఉంది. టీడీఎల్3 అనే రూట్‌కిట్ డిస్క్‌ను నడిపే అటాపీ డ్రైవర్ ఫైల్లోనే దూరింది. ఆ ఫైలు తీసేస్తే రూట్‌కిట్‌తో పాటు విండోస్ కూడా బూట్ కాదు. సిస్టమ్ ఫైలుకు సోకితే దాని స్థానంలో మంచి కాపీ పెట్టాలి.

అపోహ: ఫార్మాట్ కొడితే అన్నీ పోతాయి.

వాస్తవం: ఏది ఫార్మాట్ చేశారన్నదే ప్రశ్న. మామూలుగా కొట్టేది సీ డ్రైవ్ ఒక్కటే. పాత పద్ధతి డిస్క్‌లలో బూట్ కోడ్ ఉండే మాస్టర్ బూట్ రికార్డు డిస్క్ మొట్టమొదటి 512 బైట్ల సెక్టార్‌లో, సీ డ్రైవ్‌కు బయట ఉంటుంది. కొత్త పద్ధతి డిస్క్‌లలో బూట్ ఫైళ్లు సాధారణంగా 100 ఎంబీ ఉండే ఈఎఫ్‌ఐ పార్టిషన్‌లో ఉంటాయి. బూట్‌కిట్లు, అంటే విండోస్ కంటే ముందే మొదలయ్యే రూట్‌కిట్లు, కూర్చునేది సరిగ్గా అక్కడే. ఇక డీ డ్రైవ్‌లో "సాఫ్ట్‌వేర్స్" ఫోల్డర్ అలాగే ఉంటుంది. విండోస్ ఎక్కించిన గంటకే దాంట్లోంచి పాత క్రాక్ (డబ్బు కట్టకుండా సాఫ్ట్‌వేర్ నడిపించే దొంగ ప్రోగ్రామ్) ఇన్‌స్టాల్ చేస్తారు, కథ మొదటికొస్తుంది.

రూట్‌కిట్ ఖాయమైతే శుభ్రం చేయడానికి రోజులు పెట్టకండి, మొత్తం తుడిచి కొత్తగా వేయండి. దాచే గుణం ఉన్నదాన్ని పూర్తిగా తీశామని ఎవరూ ప్రమాణం చేయలేరు.

ముందు బ్యాకప్. ఫొటోలు, పీడీఎఫ్‌లు, వర్డ్, ఎక్సెల్ ఫైళ్లు చాలు. ఆదోనిలో పత్తి వ్యాపారం లెక్కలైనా, ప్రొద్దుటూరులో బట్టల కొట్టు లెక్కలైనా టాలీ డేటా ఫోల్డర్ మరువకండి. డీటీపీ పని చేసేవాళ్లు పేజ్‌మేకర్ ఫైళ్లతో పాటు వాడిన తెలుగు ఫాంట్లూ తీసుకోవాలి, ఫాంటు లేకపోతే పెళ్లి కార్డు మొత్తం గజిబిజి అక్షరాలవుతుంది. ఈఎక్స్‌ఈ, ఎస్‌సీఆర్, వీబీఎస్, ఎల్‌ఎన్‌కే ఫైళ్లు మాత్రం ఒక్కటి కూడా తీసుకోవద్దు.

వేరే మంచి సిస్టమ్‌లో, కనీసం 8 జీబీ పెన్‌డ్రైవ్ మీద, మైక్రోసాఫ్ట్ మీడియా క్రియేషన్ టూల్‌తో ఇన్‌స్టాలర్ చేయండి. అందులో ఉన్నదంతా చెరిగిపోతుంది, ఖాళీది వాడండి. దాంతో బూట్ చేసి, విండోస్ ఎక్కడ వేయాలని అడిగే తెర వచ్చినప్పుడు ఆ డిస్క్‌లోని పార్టిషన్లు అన్నీ, డీ డ్రైవ్‌తో సహా, డిలీట్ చేయండి. ఒక్క అన్‌అలొకేటెడ్ స్పేస్ వరుసే మిగలాలి. పాత బూట్ రికార్డు మీద అనుమానం ఉంటే అదే తెరలో షిఫ్ట్, ఎఫ్10 కలిపి నొక్కండి. నల్ల కిటికీలో డిస్క్‌పార్ట్ అని కొట్టి, లిస్ట్ డిస్క్, సెలెక్ట్ డిస్క్, క్లీన్ వరుసగా ఇవ్వండి. క్లీన్ అనే మాట ఏ హెచ్చరికా లేకుండా పని కానిచ్చేస్తుంది. బ్యాకప్ హార్డ్‌డిస్క్ ముందే పీకేసి ఉండాలి, డిస్క్ సైజు చూసి సరైన నంబరే ఎంచుకోవాలి.

అదే మదర్‌బోర్డు మీద ముందు అసలు విండోస్ ఉండి ఉంటే, అదే ఎడిషన్ వేస్తే నెట్ తగలగానే తనే యాక్టివేట్ అవుతుంది. యాక్టివేటర్లు వెతుక్కోవాల్సిన పని లేదు. విండోస్ 10కు మామూలు సపోర్టు 2025 అక్టోబరు 14తో ముగిసింది కాబట్టి, సిస్టమ్ మోయగలిగితే 11 వేయండి. మదర్‌బోర్డు సొంత సెట్టింగులుండే బయాస్‌లో, సరైన సంతకం లేని బూట్ కోడ్‌ను ఆపే సెక్యూర్ బూట్ ఆన్ చేయండి.

అపోహ: వైరస్ బయాస్‌లోకి పోయింది, మదర్‌బోర్డు మార్చాల్సిందే.

వాస్తవం: అలాంటివి ఉన్నాయి. 2018లో బయటపడిన లోజాక్స్ మదర్‌బోర్డు మీది ఫ్లాష్ చిప్‌లో దూరింది, హార్డ్‌డిస్క్ మార్చినా పోలేదు. కానీ దాన్ని వాడినవాళ్లు గురిపెట్టింది ప్రభుత్వ సంస్థలను. ఇంటి సిస్టమ్‌లో మళ్లీ వస్తోందంటే కారణం దాదాపు ఎప్పుడూ డీ డ్రైవ్, పెన్‌డ్రైవ్ లేదా క్రాక్. అంతకీ అనుమానం తీరకపోతే మదర్‌బోర్డు తయారీదారు సైట్‌లోంచి, మీ మోడల్ నంబరు సరిచూసుకుని, బయాస్ ఫ్లాష్ చేయండి. మధ్యలో కరెంటు పోతే బోర్డు పనికిరాకుండా పోవచ్చు. డెస్క్‌టాప్‌కు పని చేసే యూపీఎస్ ఉండాలి, గాలివాన సూచన ఉన్న సాయంత్రం ఆ పని పెట్టుకోకండి.

అపోహ: పెన్‌డ్రైవ్‌లో ఫైళ్లన్నీ షార్ట్‌కట్లయ్యాయి, డేటా పోయింది.

వాస్తవం: పోలేదు, దాచిపెట్టింది. హాల్‌టికెట్ ప్రింటుకని జిరాక్స్ షాపుకు, నెట్ సెంటర్‌కు తిరిగే పెన్‌డ్రైవ్‌కు ఇది మామూలు జబ్బు. ఆ షార్ట్‌కట్ మీద డబుల్ క్లిక్ చేయకండి. రైట్ క్లిక్ చేసి ప్రాపర్టీస్‌లో టార్గెట్ గడి చూడండి. మీ ఫైలు పేరు ఉండాల్సిన చోట సీఎండీ అనో డబ్ల్యూస్క్రిప్ట్ అనో మొదలవుతుంది. క్లిక్ చేస్తే ముందు వైరస్ నడుస్తుంది, వెంటనే మీ ఫైలూ తెరుచుకుంటుంది, అందుకే ఎవరికీ అనుమానం రాదు.

ఎక్స్‌ప్లోరర్‌లో హిడెన్ ఫైళ్లు చూపించమని పెట్టి, ప్రొటెక్టెడ్ ఆపరేటింగ్ సిస్టమ్ ఫైళ్లు దాచమన్న టిక్ కూడా తీయండి. రెండోది తీయకపోతే కనపడవు. ఒక్కోసారి మీ ఫైళ్లన్నీ పేరు స్థానంలో ఖాళీ మాత్రమే ఉన్న ఫోల్డర్‌లో ఉంటాయి. వాటిని కాపీ చేసుకుని, పెన్‌డ్రైవ్ ఫార్మాట్ చేయండి. ఆ పెన్‌డ్రైవ్ పెట్టిన ప్రతి సిస్టమ్‌నూ స్కాన్ చేయండి. ఒక్కటి వదిలినా రేపు అక్కడినుంచే తిరిగొస్తుంది.

అపోహ: రెండు యాంటీవైరస్‌లుంటే రెట్టింపు కాపలా. సేఫ్ మోడ్‌లో రూట్‌కిట్ పనిచేయదు. సిస్టమ్ రిస్టోర్ చేస్తే వైరస్ పోతుంది.

వాస్తవం: మూడూ తప్పే. ఎప్పుడూ కాపలా కాసేవి రెండుంటే ఒకదాని ఫైళ్లను మరొకటి అనుమానిస్తూ సిస్టమ్‌ను ఈడుస్తాయి. సేఫ్ మోడ్‌లో కూడా లోడ్ అయ్యేలా కొన్ని రూట్‌కిట్లు తమ డ్రైవర్‌ను నమోదు చేసుకుంటాయి. రిస్టోర్ మీ డౌన్‌లోడ్స్ ఫోల్డర్‌లోని పత్రాల జోలికే పోదు, పైగా పాత పాయింట్‌లోనే వైరస్ ఉండొచ్చు.

అపోహ: క్రాక్‌ను యాంటీవైరస్ ఊరికే వైరస్ అంటుంది, కాసేపు ఆపితే చాలు.

వాస్తవం: క్రాక్ ఇచ్చినవాడు "ముందు డిఫెండర్ ఆపండి" అని రాసేది అందుకే. ఆ రెండు నిమిషాలే వాడికి కావాలి.

అపోహ: సిస్టమ్ శుభ్రమైంది, ఇక భయం లేదు.

వాస్తవం: ఇవాళ్టి ట్రోజన్లు పాస్‌వర్డులతో పాటు బ్రౌజర్ కుకీలనూ, అంటే మీరు లాగిన్ అయి ఉన్నారని సైటుకు చెప్పే గుర్తులనూ, ఎత్తుకుపోతాయి. కుకీ చేతికొస్తే పాస్‌వర్డు, ఓటీపీ లేకుండానే మీ మెయిల్ తెరవొచ్చు. అందుకని శుభ్రమైన ఫోన్‌లోంచి ముందు మెయిల్ పాస్‌వర్డు, తర్వాత బ్యాంకువి మార్చండి. ఆపైన అన్ని డివైస్‌ల నుంచి సైన్ అవుట్ తప్పకుండా చేయండి. క్రోమ్‌లో సింక్ ఆన్ చేసే ముందు ఫోన్ లేదా వేరే సిస్టమ్‌లో ఎక్స్‌టెన్షన్ల జాబితా చూడండి, పాత చెడ్డ ఎక్స్‌టెన్షన్ సింక్‌తో కొత్త విండోస్‌లోకి నడిచి వస్తుంది. ఇంట్లో అన్ని ఫోన్లలోనూ పిచ్చి పేజీలు తెరుచుకుంటుంటే తప్పు సిస్టమ్‌ది కాదు. రౌటర్‌లో డీఎన్‌ఎస్, అంటే సైటు పేరుకు సరైన అడ్రస్ చెప్పే సర్వర్, మార్చి ఉంటారు. రౌటర్ రీసెట్ చేసి, అడ్మిన్ పాస్‌వర్డు మార్చండి. నెట్ యూజర్‌నేమ్, పాస్‌వర్డు కేబుల్ ఆపరేటర్ దగ్గర ముందే అడిగి పెట్టుకోండి, రీసెట్ చేశాక అవి లేకపోతే కనెక్షన్ రాదు.

అపోహ: అకౌంట్‌లో డబ్బు పోయింది, వెంటనే సిస్టమ్ బాగుచేయించాలి.

వాస్తవం: ముందు సైబర్ మోసాల హెల్ప్‌లైన్ 1930కి ఫోన్ చేయండి, బ్యాంకుకు చెప్పి అకౌంట్ ఆపించండి. డబ్బు ఇంకొక ఖాతాలోకి జారేలోపు ఆపగలిగేది ఆ తొలి గంటల్లోనే. లావాదేవీ నంబరు, సమయం, మెసేజ్‌ల స్క్రీన్‌షాట్లు సిద్ధంగా పెట్టుకుని నేషనల్ సైబర్ క్రైమ్ రిపోర్టింగ్ పోర్టల్‌లో ఫిర్యాదు నమోదు చేయండి. సిస్టమ్‌ను నెట్ నుంచి తెంచి పక్కన పెట్టండి. పోలీసులు దాన్ని చూడాలా వద్దా చెప్పేదాకా ఫార్మాట్ కొట్టకండి.