నీటిరంగుల్లో రాత్రి ఆకాశం: కొత్తవాళ్ళని వెనక్కి లాగే అపోహలు, అసలు వాస్తవాలు

నీటిరంగులు నేర్చుకోవడానికి నా దగ్గరికి వచ్చేవాళ్ళలో చాలామంది మొదటి వారంలోనే అడిగే బొమ్మ రాత్రి ఆకాశం. నిండా చుక్కలు, మధ్యలో పాలపుంత, కింద నల్లటి చెట్ల వరుస. కొత్తవాళ్ళకి ఇది నిజంగా మంచి పాఠం. గీత తిన్నగా రావాలన్న భయం ఉండదు, ముఖంలో పోలిక కుదరాలన్న టెన్షన్ ఉండదు. అయినా రెండు మూడు ప్రయత్నాల తర్వాత వదిలేసేవాళ్ళే ఎక్కువ. చేయి తిరగక వదిలేయరు. ఎక్కడో విన్న తప్పుడు మాటల్ని పట్టుకుని మొదలుపెట్టడం వల్ల వదిలేస్తారు. నాకు తరచుగా ఎదురయ్యే ఆ మాటల్ని ఇక్కడ రాస్తున్నాను. చదువుతుంటే మీకే తెలుస్తుంది, వీటిలో చాలావరకు ఒకే చోటికి వచ్చి ఆగుతాయి: కాగితం మీద నీళ్ళు ఏ స్థితిలో ఉన్నప్పుడు మనం ఏం చేశాం?

అపోహ: రాత్రి ఆకాశం నల్లగా ఉంటుంది, కాబట్టి నలుపు రంగే వేయాలి.

వాస్తవం: నల్లగా కనిపించడానికి కారణం సగం మన కళ్ళే. మసక వెలుతురులో పనిచేసే, కంటిలోని రాడ్ కణాలు రంగుని గుర్తించలేవు. వెన్నెల రాత్రి కెమెరా షటర్ కొన్ని సెకన్లు తెరిచి ఉంచి ఫొటో తీయండి, ఆకాశం నీలంగా పడుతుంది. వెన్నెల కూడా సూర్యుడి వెలుతురే కదా, గాలిలో అది పగటి వెలుతురులాగే చెదురుతుంది. ఇంకో సంగతి: వెలుతురు తగ్గేకొద్దీ ఎరుపు రంగులు ముందు నల్లబడతాయి, నీలాలు ఎక్కువసేపు నిలుస్తాయి. పుర్కిన్యే అనే శాస్త్రవేత్త 1819లోనే దీన్ని గమనించాడు. నీలంగా వేసిన రాత్రిని చూసేవాళ్ళు వెంటనే నమ్మేది ఇందుకే.

నలుపు ఒక్కటే పూస్తే కాగితంలో అక్కడ చిల్లు పడినట్టు ఉంటుంది, లోతు రాదు. ఇండిగో లేదా ప్రష్యన్ బ్లూలో కొంచెం వయొలెట్ కలపండి. అల్ట్రామెరిన్ బ్లూలో బర్న్ట్ సియెన్నా (ఎర్రటి గోధుమ రంగు) కలిపినా చక్కటి ముదురు వస్తుంది, పాళ్ళు మారిస్తే చల్లగానో వెచ్చగానో తిరుగుతుంది. అలాగని నలుపుని అసలు ముట్టుకోకూడదు అనే మాట కూడా నేను ఒప్పుకోను. పై మూలల్లో వాష్ (నీళ్ళతో పరిచిన రంగు పొర) ఇంకా తడిగా ఉండగానే కాస్త పేన్స్ గ్రే (నలుపుకి దగ్గరగా ఉండే నీలి బూడిద రంగు) వదిలితే చాలా బాగుంటుంది. నీలంలో కలిసే నలుపు వేరు, నీలం బదులు వేసే నలుపు వేరు.

అపోహ: ఆకాశమంతా ఒకే ముదురు ఉండాలి.

వాస్తవం: నడినెత్తిన ఉన్న ఆకాశం ముదురుగా ఉంటుంది, దిగంతం వైపు వచ్చేకొద్దీ తేలికపడుతుంది. సూర్యుడు అస్తమించాక దిగంతానికి 18 డిగ్రీల కిందికి దిగేదాకా ఆకాశంలో సంధ్యవెలుగు ఎంతో కొంత మిగిలే ఉంటుంది. పైన చిక్కగా మొదలుపెట్టి, కిందికి వచ్చేకొద్దీ రంగు తగ్గిస్తూ రండి. దిగంతం దగ్గర పసుపో నారింజో వేయాలనుకుంటే ఒక్క జాగ్రత్త. పసుపు నేరుగా నీలాన్ని తాకితే పచ్చదనం వస్తుంది, నారింజ తాకితే బూడిద రంగు వస్తుంది. రెండింటి మధ్య ఒక పట్టీ గులాబీ వేసి, అది నీలంలోకి పాకి వయొలెట్ అయ్యేలా చూడండి.

అపోహ: ముదురు రావాలంటే పలచటి పొరలు ఆరేడు వేయాలి.

వాస్తవం: కొత్తవాళ్ళ ఆకాశాలు ఎక్కువగా పాడయ్యేది ఇక్కడే, అందుకని కాస్త వివరంగా చెప్తాను.

నీటిరంగు తడిగా ఉన్నప్పుడు కనిపించిన ముదురు ఆరాక ఉండదు. తడి పోగానే మెరుపు పోతుంది, రంగు ఒక మెట్టు తేలికవుతుంది. ప్యాలెట్ మీద సరిపోయింది అనిపించిందంటే అది చాలదన్నమాట. తడి మీద చూస్తే మరీ ఎక్కువైందేమో అనిపించేంత చిక్కగా వేయాలి. చిన్న పేపర్ ముక్క మీద ముందు వేసి, పూర్తిగా ఆరనిచ్చి, అప్పుడు చూసి నిర్ణయించుకోండి. ఈ పరీక్షని అందరూ వదిలేస్తారు, తర్వాత రంగుల కంపెనీని తిట్టుకుంటారు.

ఇంకో లెక్క ఉంది. వెట్ ఆన్ వెట్‌లో, అంటే తడి కాగితం మీద తడి రంగు వేసే పద్ధతిలో, కాగితం మీద అప్పటికే నీళ్ళు ఉన్నాయి. బ్రష్‌లో కూడా నీళ్ళు నింపుకుని వెళ్తే ఎంత మంచి రంగైనా పలచబడక తప్పదు. కాగితం తడిగా ఉన్నప్పుడు బ్రష్‌లో నీళ్ళు తక్కువ, రంగు ఎక్కువ ఉండాలి. పాలలా కాదు, మీగడలా. పాన్‌లో (చిన్న గిన్నెలాంటి గడిలో) గట్టిపడిన రంగుతో ఆ చిక్కదనం తేవాలంటే చాలాసేపు రుద్దాలి, ఈలోపు కాగితం ఆరిపోతుంది. ఈ ఒక్క బొమ్మకి ట్యూబ్ రంగులు మేలని నేను అనేది ఇందుకే. కాగితం తడపకముందే రంగంతా కలిపి పెట్టుకోండి, చాలదేమో అనిపించినదానికి రెట్టింపు కలపండి.

మొదటి వాష్‌లోనే పదింట ఎనిమిది వంతుల పని అయిపోవాలి. ఇంకా ముదురు కావాలంటే రెండో పొర వేసుకోవచ్చు, కానీ మొదటిది పూర్తిగా ఆరాక మాత్రమే. కంటికి ఆరినట్టు కనిపించడం చాలదు. వేళ్ళ వెనకవైపు కాగితానికి ఆనించి చూడండి. చల్లగా తగిలితే లోపల ఇంకా తడి ఉన్నట్టే. మొదటి పొరగా ప్రష్యన్ బ్లూ లేదా థాలో బ్లూ వేస్తే నయం, అవి కాగితంలోకి ఇంకి పట్టుకుంటాయి. అల్ట్రామెరిన్ పైపైనే ఉంటుంది, రెండో పొర బ్రష్ దాన్ని సులువుగా లేపేస్తుంది. ఏ రంగుతోనైనా ఆరేడు పొరలు వేస్తే కింది రంగు ప్రతిసారీ కొంత కదిలి చివరికి బురదగా మారుతుంది.

అపోహ: ఆకాశంలో కాలీఫ్లవర్‌లా మచ్చలు వచ్చాయంటే పేపర్ మంచిది కాదు.

వాస్తవం: ఆ మచ్చకి కారణం దాదాపు ఎప్పుడూ ఒకటే. సగం ఆరిన చోట మనం మళ్ళీ తడి బ్రష్ పెట్టాం. కొత్తగా వచ్చిన నీళ్ళు చుట్టూ పాకుతూ అక్కడి రంగు రేణువుల్ని ముందుకు నెడతాయి, అవి వెళ్ళి ఆగిన చోట రంపపు పళ్ళలాంటి అంచు కడుతుంది.

కాగితాన్ని పక్కనుంచి, వెలుతురుకి అడ్డంగా చూడటం అలవాటు చేసుకోండి. నీళ్ళు గుంటలుగా నిలిచి ఉంటే ఆగండి, రంగు వేస్తే ఎటు పోతుందో చెప్పలేం. గుంటలు ఇంకిపోయి కాగితమంతా సమానంగా మెరుస్తుంటే అదే సమయం, ధైర్యంగా వేయండి. మెరుపు పోయి మసకగా మారడం మొదలైందంటే చేతులు తీసేయండి. ఆ దశలో ఏ చిన్న దిద్దుబాటుకీ దిగొద్దు. అక్కడ కొంచెం తేలికగా ఉందే అనిపిస్తుంది, చేయి ఊరుకోదు. బ్రష్ కింద పెట్టి కుర్చీలోంచి లేవమని నేను చెప్పేది సరిగ్గా ఈ క్షణంలోనే. పూర్తిగా ఆరాక ఎంతైనా దిద్దుకోవచ్చు.

అపోహ: మంచి ఆకాశానికి డజన్ల కొద్దీ రంగులు, ఖరీదైన బ్రష్‌లు కావాలి.

వాస్తవం: మూడు రంగులు చాలు: ఒక ముదురు నీలం, ఒక వయొలెట్ లేదా మెజెంటా, ఒక బర్న్ట్ సియెన్నా. అమెరికన్ చిత్రకారిణి జార్జియా ఓకీఫ్ 1917లో టెక్సస్ మైదానాల మీద వెలుగు రేకలు విచ్చుకోవడాన్ని మూడు నీటిరంగుల చిత్రాలుగా వేసింది. వాటిలో దాదాపు అంతా నీలమే. ఒకే రంగు చిక్కదనం నుంచి పలచదనానికి నడిస్తే ఎంత పెద్ద ఆకాశం తయారవుతుందో వాటిని చూస్తే అర్థమవుతుంది. బ్రష్ ఖరీదైనది అక్కర్లేదు, పెద్దది కావాలి. సన్న బ్రష్‌తో ఆకాశం నింపుతూ పోతే ఒక చివర పూర్తయ్యేసరికి రెండో చివర ఆరిపోయి చారలు తేలతాయి.

అపోహ: నేర్చుకునేటప్పుడు ఏ పేపరైనా ఒకటే.

వాస్తవం: డబ్బు పెట్టాల్సింది ఏదైనా ఉందంటే అది పేపర్ మీదే. రంగులు స్టూడెంట్ గ్రేడ్‌వి అయినా సర్దుకోవచ్చు. పలచటి డ్రాయింగ్ షీట్ మీద ఇన్ని నీళ్ళు పోస్తే అది అలలు అలలుగా లేస్తుంది, పల్లంలో నీళ్ళు చేరతాయి, అక్కడే మచ్చలు పడతాయి. కనీసం 300 జీఎస్ఎం (చదరపు మీటరు కాగితం బరువు, గ్రాముల్లో) ఉండాలి. కుదిరితే నూరు శాతం కాటన్ తీసుకోండి. కాటన్ తడిని ఎక్కువసేపు, సమానంగా పట్టి ఉంచుతుంది, దాంతో మీకు ఆలోచించుకోవడానికి ఇంకొన్ని నిమిషాలు దొరుకుతాయి. కొత్తవాళ్ళకే ఆ నిమిషాలు ఎక్కువ అవసరం. పెద్ద షీటు కొని ముక్కలుగా కోసుకుని, నాలుగు అంచులూ మాస్కింగ్ టేప్‌తో బోర్డుకి అంటించి వేయండి.

అపోహ: చుక్కలకి సెట్‌లో ఉన్న తెలుపు సరిపోతుంది.

వాస్తవం: వేసినప్పుడు తెల్లగా కనిపిస్తుంది, ఆరాక కనుమరుగవుతుంది. నీటిరంగుల సెట్లలో తరచుగా ఉండే చైనీస్ వైట్ జింక్‌తో చేసింది, స్వభావరీత్యా కొంత పారదర్శకం. ముదురు నీలాన్ని అది కప్పలేదు. వైట్ గవాష్ (కింది రంగుని కప్పేసే చిక్కటి నీటిరంగు) వాడండి, లేదా తెల్ల ఇంక్. చిక్కటి పాలలా కలిపి, పాత టూత్‌బ్రష్‌లో అద్ది, బొటనవేలితో కుచ్చుని వెనక్కి లాగి వదలండి. మొదటి విదిలింపు ఎప్పుడూ చిత్తు కాగితం మీదే, ఎందుకంటే పెద్ద బొట్లన్నీ ముందే పడతాయి. ఆకాశం పూర్తిగా ఆరి ఉండాలి, లేకపోతే ప్రతి చుక్కా మసకగా పాకుతుంది.

చుక్కలన్నీ ఒకే సైజులో, ఒకే దూరంలో ఉంటే అది బట్ట మీద ప్రింట్‌లా ఉంటుంది. కొన్ని చోట్ల గుంపుగా, కొన్ని చోట్ల ఖాళీగా వదలండి. పెద్ద చుక్కలు ఐదారుకి మించకుండా సన్న బ్రష్‌తో విడిగా పెట్టండి. అన్నీ తెల్లగా ఉండాలని కూడా లేదు. ఆర్ద్ర, జ్యేష్ఠ ఎర్రగా ఉంటాయి, రోహిణి, స్వాతి నారింజ ఛాయలో, చిత్త నీలి తెలుపులో. ఎక్కువ వేడి ఉన్న నక్షత్రం నీలంగా, తక్కువ వేడి ఉన్నది ఎర్రగా కనిపిస్తుంది. గవాష్‌లో సూదిమొనంత నారింజ కలిపి రెండు మూడు చుక్కలు పెట్టి చూడండి. అవి ఉన్నట్టు చూసేవాళ్ళకి విడిగా తెలియదు, కానీ ఆకాశం బతుకుతుంది.

అపోహ: ఉప్పు చల్లితే చుక్కలు వస్తాయి.

వాస్తవం: ఉప్పు గింజ చుట్టూ నీళ్ళు లాగేసి కొమ్మలు కొమ్మలుగా ఒక ఆకారాన్ని వదులుతుంది. అది మంచు పలుకులా ఉంటుంది, నక్షత్రంలా ఉండదు. ఎక్కడైనా మేఘం లాంటి నేత కావాలంటే నాలుగు గింజలు వేయండి, అంతే.

అపోహ: పాలపుంత అంటే తెల్ల రంగుతో వేసే ఒక పట్టీ.

వాస్తవం: తెలుపు పూస్తే అది పొగలా, సుద్దలా అవుతుంది. పాలపుంతని వేయడం కంటే వదలడం మంచిది. మొదటి వాష్‌లోనే ఏటవాలుగా ఒక దారిని తేలికగా ఉంచండి, అందులో పలచగా గులాబీ, వయొలెట్, కాస్త బర్న్ట్ సియెన్నా పాకనివ్వండి. వాష్ మెరుస్తున్నప్పుడే నలిపిన టిష్యూతో అక్కడక్కడ అద్ది తీయవచ్చు. ఆరాక ఆ దారి మధ్యలో ముదురు చీలికలు వేయాలి. కొత్తవాళ్ళు మర్చిపోయేది వీటినే. నిజం పాలపుంతలో కనిపించే ఆ నల్లటి పాయలు ఖాళీలు కావు, వెనకున్న నక్షత్రాల వెలుతురుని అడ్డుకునే ధూళి మేఘాలు. అవి పడ్డాకే చుట్టూ ఉన్నది వెలుగులా కనిపిస్తుంది. సన్న చుక్కలు ఈ పట్టీలో ఎక్కువగా, బయట తక్కువగా చల్లండి.

అపోహ: చంద్రుణ్ణి ఎక్కడ, ఎలా పెట్టినా అందమే.

వాస్తవం: బొమ్మ మీ ఇష్టం, కానీ మూడు పొరపాట్లు చూసేవాళ్ళ కంటిని గుచ్చుతాయి. నెలవంక చీకటి భాగంలో చుక్కలు పెట్టకండి. అక్కడ ఉన్నది చంద్రుడి ఒళ్ళే, దాని గుండా వెనకున్న చుక్క కనిపించదు. సాయంత్రపు నెలవంకలో వెలిగే వైపు సూర్యుడు కుంకిన దిక్కుకి తిరిగి ఉండాలి. నిండు చందమామనీ మెరిసే పాలపుంతనీ ఒకే ఆకాశంలో వేయకండి, ఆ వెన్నెలకి పాలపుంత వెలవెలపోతుంది. సైజు కూడా చెప్తాను. చెయ్యి చాచి చిటికెన వేలు ఎత్తి పడితే, చంద్రుడు ఆ వేలి మందంలో సగమే ఉంటాడు. కథ కోసం పెద్దగా వేసినా పర్వాలేదు, తెలిసి వేయండి.

చంద్రుడి తెలుపు కాగితం తెలుపే అయితే అన్నిటికంటే బాగుంటుంది. గుండ్రంగా కోసిన టేప్ ముక్క అంటించినా చాలు. మాస్కింగ్ ఫ్లూయిడ్ (రంగు అంటకుండా కాగితం మీద పూసి, తర్వాత రుద్ది తీసేసే రబ్బరు ద్రవం) వాడితే బ్రష్‌ని ముందు సబ్బులో ముంచండి, లేకపోతే కుచ్చు అతుక్కుపోతుంది. దాన్ని వేడి గాలితో ఆరబెట్టకండి, రోజుల తరబడి కాగితం మీద ఉంచకండి. కాగితం పూర్తిగా ఆరాకే మెల్లగా రుద్ది తీయండి.

అపోహ: ఒకసారి పాడైతే నీటిరంగుని బాగుచేయలేం.

వాస్తవం: అల్ట్రామెరిన్ లాంటి రంగైతే శుభ్రమైన తడి బ్రష్‌తో నెమ్మదిగా సడలించి టిష్యూతో తీసేయవచ్చు. ప్రష్యన్ బ్లూ అంతగా రాదు, అక్కడ ఇంకో ముదురు పొరే దారి. చిన్న మచ్చ మీద చుక్కల గుంపు చల్లితే అది కలిసిపోతుంది. దిగంతం దగ్గర పాడైతే చెట్ల వరుసని కొంచెం పైకి లేపండి. ఆ చెట్లు అన్నిటికంటే చివర, కాగితం ఎముకలా ఆరాక, నీళ్ళు దాదాపు లేని చిక్కటి రంగుతో వేయాలి. చిటారు కొమ్మలు ముందు, మొదళ్ళు తర్వాత. మొదళ్ళ దగ్గరికి వచ్చేసరికి బ్రష్‌లో కాసిని నీళ్ళు తీసుకుంటే అక్కడ రంగు పలచబడి నేల మీది పొగమంచులా కరుగుతుంది. అది ఆరాకే టేప్ తీయండి, కాగితం వైపు కాకుండా బయటికి, ఏటవాలుగా లాగుతూ.