రాతిలో రెక్క ఉందా?

చీపురుపల్లి నుంచి ఒక రిటైర్డ్ మాష్టారు వచ్చారు. రాళ్లు పోగుచెయ్యడం ఆయనకు ముప్పై ఏళ్ల అలవాటు. జేబురుమాలు విప్పి, అరచెయ్యంత పలకరాయిని బల్ల మీద పెట్టి, "ఇది తూనీగ రెక్కేనా బాబూ, చూడు" అన్నారు.

లేత గోధుమరంగు రాయి. దాని మీద రెండంగుళాల మేర నల్లటి సన్నగీతలు ఒక కొస నుంచి విసనకర్రలా విచ్చుకున్నాయి. నా గుండె ఝల్లుమంది. రాతిలో పురుగు రెక్క దొరకడమంటే మాటలా!

"ఎక్కడ దొరికింది మాష్టారూ?"

"గరివిడి దగ్గర, పాత గని పక్కన కుప్పలో."

రాయి చేతికొస్తే ముందు అడగాల్సింది ఇదే. మన విజయనగరం జిల్లా కొండల్లో ఎక్కువగా ఉండేది ఖోండలైట్ అనే రాయి. కోందు గిరిజనుల పేరు మీదే దానికా పేరు వచ్చింది. ఒకప్పుడది ఇసుకా బురదా. భూమి లోపలికి దిగిపోయి, 800 డిగ్రీలు దాటిన వేడికి మగ్గి, గార్నెట్లనే ఎర్రటి ఖనిజపు గింజలు పొదిగిన గట్టిరాయి అయింది. అంత వేడిలో పల్చటి రెక్క ఆనవాలైనా మిగలదు. పైగా ఈ రాళ్లు అలా మగ్గి సుమారు 100 కోట్ల ఏళ్లయింది. భూమ్మీద తొలి పురుగులు కనబడిందేమో ఓ 40 కోట్ల ఏళ్ల కిందట.

అయినా ఆ లెక్కతోనే తేల్చెయ్యకూడదు. రాయి ఎక్కడి నుంచో లారీలో వచ్చి పడి ఉండొచ్చు. అందుకే పదిరెట్ల భూతద్దం తీసి, టార్చిలైటును పక్కవాటుగా, దాదాపు పలకకు ఆనించి పట్టాను.

రెక్క సాపుగా ఉండదు. ఒక ఈనె మిట్టగా ఉంటే పక్కది పల్లంగా, కాగితపు విసనకర్ర మడతల్లా ఉంటుంది. పక్కవాటు వెలుగులో ఆ మిట్టపల్లాలు నీడలు వేస్తాయి. ముందంచు దగ్గర ఈనెలు దళసరిగా, దగ్గరదగ్గరగా ఉంటాయి. తూనీగ రెక్కలోనైతే వాటిని కలుపుతూ అడ్డుగీతలు, వాటి మధ్య మూసుకున్న గళ్లు ఉంటాయి. ఈ ఈనెలకు కాస్టా, రేడియస్, మీడియా, క్యూబిటస్ అంటూ అన్ని పురుగులకూ వర్తించే పేర్ల పద్ధతిని 1898లో కామ్‌స్టాక్, నీడమ్ అనే ఇద్దరు కీటక శాస్త్రవేత్తలు స్థిరపరిచారు. ఏ ఈనె ఎక్కడ చీలిందో చూసి, ముక్క దొరికినా అది ఏ కుటుంబపు పురుగో చెప్పగలుగుతున్నారు.

మాష్టారి రాతి మీద నీడే పడలేదు. నల్లగీత పొరలా అంటుకుని ఉందంతే. కొమ్మకు కొమ్మ, దానికి రెమ్మ, ఆ రెమ్మల కొసలన్నీ విడివిడిగా ఉన్నాయి. ఒక్క గడీ మూసుకోలేదు, అంచుగీత లేదు. పలక పక్కనున్న సన్న పగులు నుంచి ఇలాంటిదే మరో చిన్న పొద మొలిచింది.

అది మాంగనీసు. నీటిలో కరిగిన మాంగనీసు రాతి పగుళ్లలోకి ఇంకి, ఆక్సిజన్ తగిలినచోట నల్లటి ఆక్సైడుగా పేరుకుంటుంది. ముందుకు పొడుచుకొచ్చిన కొసకే కొత్త సరుకు ముందుగా అందుతుంది. అందుకే కొస పెరుగుతూ చీలుతూ పోతుంది. 1892లోనే మాంగనీసు తవ్వకం మొదలైన నేల మనది. ఇక్కడి కోడూరు గని పేరు మీద కోడూరైట్ అనే రాయే ఉంది. ఇక్కడ ఈ బొమ్మలు దొరక్కపోతేనే వింత.

మాష్టారి ముఖం చిన్నబోయింది. అప్పుడు మధ్యప్రదేశ్‌లోని భీంబేట్కా గుహల సంగతి చెప్పాను. అక్కడి గుహలో 50 కోట్ల ఏళ్లు దాటిన డికిన్సోనియా అనే జీవి ముద్ర ఉందని 2021లో శాస్త్రవేత్తలు ప్రకటించారు. మరో బృందం వెళ్లి పరిశీలించి, అది రాలిపోయిన తేనెపట్టు ఆనవాలని 2023లో తేల్చింది. మొదట ప్రకటించినాయన కూడా ఒప్పుకున్నారు. బొగ్గు కాలపు పలకల్లో బొద్దింక రెక్కా ఫెర్న్ ఆకూ ఒకలాగే కనబడి పండితులనే తికమకపెడతాయి. ఆకులో నడిమి ఈనెకు రెండువైపులా ఒకే తీరు ఉంటుంది, రెక్కలో ఉండదు.

"మరి నిజం రెక్క ఎక్కడ దొరుకుతుంది?" అన్నారు. ప్రాణహిత–గోదావరి లోయలో, మహారాష్ట్ర సిరోంచా దగ్గరి కోటా ఊరి పేరుతో పిలిచే జురాసిక్ కాలపు సున్నపురాళ్లలో చేపలతోపాటు పురుగుల శిలాజాలూ దొరికాయని చెప్పాను.

ఆయన పెన్ను తీసి చీటీ మీద రాసుకున్నారు: గరివిడి, పాత గని, పడమటి కుప్ప, మాంగనీసు. దాన్ని రాయితోపాటు రుమాలులో చుట్టుకుని, "అయితే సిరోంచా బస్సు ఎక్కడ ఎక్కాలి?" అన్నారు.