బాలల సైన్స్ కాంగ్రెస్‌కు సిద్ధమవుతున్న పిల్లలకు

బ్రాడీపేట, గుంటూరు.

చిరంజీవులైన పిల్లలకు తాతయ్య ఆశీస్సులు.

మీరు ముగ్గురూ కలిసి రాసిన ఉత్తరం అందింది. బాలల సైన్స్ కాంగ్రెస్ కోసం థర్మకోల్‌తో ప్రకాశం బ్యారేజీ నమూనా చేద్దామనుకుంటున్నామనీ, అది బాగుంటుందో లేదో చెప్పమనీ అడిగారు. ఆ కాంగ్రెస్‌ను తలపెట్టిన ఎన్‌సీఎస్‌టీసీ అనే సంస్థ ఏమిటో, విజయవాడ సింగ్‌నగర్‌లో చదువుకునే పిల్లలతో ఢిల్లీ వాళ్లకు ఏం పనో కూడా అడిగారు. ఈ రెండో ప్రశ్నకే ముందు జవాబు రాస్తాను. అది తెలిస్తే మొదటిదాని సంగతి మీకే తేలిపోతుంది.

మన రాజ్యాంగానికి 1976లో జరిగిన 42వ సవరణతో పౌరుల ప్రాథమిక విధులు చేరాయి. శాస్త్రీయ దృక్పథాన్ని, మానవతావాదాన్ని, ప్రశ్నించి తెలుసుకునే తత్వాన్ని పెంపొందించుకోవడం ప్రతి పౌరుడి విధి అని 51ఎ అధికరణం చెబుతుంది. రాజ్యాంగంలో రాసినంత మాత్రాన జనం మారిపోరు కనుక ఎవరో ఒకరు పూనుకోవాలి. కేంద్ర శాస్త్ర సాంకేతిక విభాగంలో 1982లో ఏర్పడిన జాతీయ విజ్ఞాన సాంకేతిక ప్రసార మండలి, అంటే మీరడిగిన ఎన్‌సీఎస్‌టీసీ, ఆ పనికి పూనుకున్న సంస్థ. ప్రయోగశాలలు పెట్టి పరిశోధనలు చేయడం దాని పని కాదు. శాస్త్రజ్ఞులు ఆలోచించే తీరును మామూలు మనుషుల దగ్గరికి చేర్చడం దాని పని.

అటువంటి పని ఎందుకు అవసరమైందో చెప్పాలంటే 1980 ఫిబ్రవరి 16 నాటి సూర్యగ్రహణం గురించి చెప్పాలి. ఆనాటి సంపూర్ణ గ్రహణం కర్ణాటక నుంచి మన రాష్ట్రం మీదుగా ఒరిస్సా వైపు సాగిపోయింది. హైదరాబాదుకు చేరువలోని జపాల్-రంగాపూర్ అబ్జర్వేటరీ దగ్గర శాస్త్రజ్ఞులు పరికరాలు బిగించుకుని ఎదురు చూస్తుంటే, మన ఊళ్లలో జనం తలుపులు బిగించుకుని లోపల కూర్చున్నారు. ఊరగాయ జాడీల మీద దర్భలు పడ్డాయి, గర్భిణులను గది దాటి రానివ్వలేదు, వీధులు నిర్మానుష్యంగా మారాయి. ఆకాశంలో అంతటి వింత జరుగుతుండగా దాన్ని చూడకూడనిదిగా లెక్కగట్టిన ఆ మధ్యాహ్నం నాకు ఇప్పటికీ బాధగానే ఉంటుంది.

పదిహేనేళ్ల తర్వాత, 1995 అక్టోబరు 24న, మరో సంపూర్ణ గ్రహణం రాజస్థాన్‌లోని నీమ్ కా థానా నుంచి బెంగాల్‌లోని డైమండ్ హార్బర్ దాకా సాగింది. ఈసారి ఎన్‌సీఎస్‌టీసీ, దానికి తోడుగా 1989లో ఏర్పడిన విజ్ఞాన్ ప్రసార్ అనే సంస్థ, ఎన్నో స్వచ్ఛంద సంఘాలు ముందునుంచే పనిచేశాయి. చూడవద్దని కాకుండా ఎలా చూడాలో చెప్పాయి. గ్రహణ సమయంలో సూర్యుడి నుంచి కొత్త విషకిరణాలేవీ రావు. మామూలు రోజుల్లో సూర్యుణ్ణి చూడబోతే కళ్లు వాటంతటవే మూసుకుపోతాయి. గ్రహణం వేళ వెలుగు తగ్గడంతో రెప్ప వేయకుండా చూస్తూ ఉండిపోతాం, అసలు ప్రమాదం అక్కడ ఉంది. కంటి వెనకనున్న రెటీనాకు నొప్పి తెలియదు కనుక అది కాలిపోతున్నా మనకు తెలియదు. మసిపట్టిన గాజు, ఎక్స్‌రే ఫిల్ము పనికిరావనీ, ఇందుకోసమే తయారైన ఫిల్టర్లు వాడాలనీ, అవి లేకపోతే అట్టకు సూదితో రంధ్రం చేసి సూర్యబింబాన్ని గోడ మీద పడేలా చేసుకోవచ్చనీ ఇంత వివరంగా చెప్పేసరికి, ఆ ఉదయం జనం పిల్లాపాపలతో మైదానాలకు వచ్చారు. గ్రహణం అదే, మనుషులూ వాళ్లే. ఒక ప్రభుత్వ సంస్థ చేసిన పనుల్లో ఇంత కళ్లకు కట్టినట్టు ఫలితం కనిపించినవి తక్కువని నా అభిప్రాయం.

దానికి దాదాపు నెల ముందు, సెప్టెంబరు 21న, వినాయకుడి విగ్రహాలు పాలు తాగుతున్నాయన్న వార్త దేశమంతటా పాకింది. అప్పుడు కేంద్ర శాస్త్ర సాంకేతిక శాఖకు చెందిన శాస్త్రజ్ఞులు ఢిల్లీలో ఒక గుడికి వెళ్లి, భక్తులను హేళన చేయకుండా, పాలలో రంగు కలిపి తామూ చెంచాతో విగ్రహానికి అందించారు. తలతన్యత వల్ల, అంటే ద్రవాల పైపొరలో ఉండే బిగువు వల్ల, పాలు చెంచా అంచు నుంచి రాతి మీదికి పాకి, పలుచని పొరగా కిందికి జారుతున్నాయని ఆ రంగు చూపించింది. తెల్లటి పాలు కంటికి ఆనకపోవడమే అక్కడి రహస్యం. వాదనకు దిగితే ఆ గుడిలో ఎవరు వినేవారు చెప్పండి!

మిగిలినవి టూకీగా చెబుతాను. 1928 ఫిబ్రవరి 28న సి.వి. రామన్ తన ఆవిష్కరణ చేశారు కనుక ఆ తేదీని జాతీయ సైన్స్ దినోత్సవంగా జరపాలని ప్రభుత్వాన్ని కోరింది ఈ మండలే. 1987 నుంచి జరుపుకుంటున్నాం. (రామన్ చిన్నతనంలో చదువుకున్నది మన విశాఖపట్నంలోనని మీ బడిలో చెప్పారో లేదో!) అదే ఏడాది అక్టోబరు 2న దేశంలోని అయిదు మూలల నుంచి బయలుదేరిన భారత జన విజ్ఞాన జాతాలు పాటలతో, వీధి నాటకాలతో ఊరూరా తిరిగి, నవంబరు 7న, అంటే రామన్ పుట్టినరోజున, విషవాయువుకు బలైన భోపాల్‌లో కలుసుకున్నాయి. మరుసటి ఏడాది తెలుగునాట జన విజ్ఞాన వేదిక ఏర్పడింది. మీరు చదివే చెకుముకి పత్రిక వాళ్లదే. విజ్ఞాన్ ప్రసార్‌ను మాత్రం 2023లో మూసివేశారు. ఆ నిర్ణయం నాకు నచ్చలేదు.

ఇక మీ కాంగ్రెస్. 1993లో మొదలైన ఈ కార్యక్రమంలో 10 నుంచి 17 ఏళ్ల పిల్లలు ఒక గైడ్ టీచర్ సాయంతో తమ చుట్టుపక్కలి సమస్యను ఒకదాన్ని తీసుకుని, కొలిచి, లెక్కగట్టి, తేలిందేమిటో జిల్లా స్థాయిలో చెబుతారు. బాగున్నవి రాష్ట్రానికి, ఆపై జాతీయ స్థాయికి వెళతాయి. అక్కడ మిమ్మల్ని అడిగే ప్రశ్న “మీరేం కనుక్కున్నారు?” అని. థర్మకోల్ బ్యారేజీ ఎంత అందంగా కుదిరినా ఆ ప్రశ్నకు జవాబివ్వలేదు. 1957లో కట్టిన బ్యారేజీ గురించి మీకంటే ముందే అందరికీ తెలుసు.

మీకు మాత్రమే తెలిసేది ఒకటుంది. 2024 సెప్టెంబరులో బుడమేరు వాగు మీ పేటను ముంచినప్పటి నీటి చార మీ ఇంటి గోడ మీద ఇంకా పోలేదని మీ అమ్మ ఫోనులో చెప్పింది. సున్నాలు వేయించి అందరూ చెరిపేసేలోగా ఆ చారలను కొలవండి. నేల నుంచి చార దాకా టేపుతో కొలిస్తే ఆ ఇంటి దగ్గర ఎంత లోతు నీరు నిలిచిందో తెలుస్తుంది. కానీ ఒక ఇంటి అరుగు ఎత్తు, ఇంకో ఇంటి వాకిలి పల్లం కనుక, ఇళ్లన్నిటికీ ఒకటే ఆధార మట్టం ఉండాలి. దానికి తాపీమేస్త్రీలు లెవెలు చూసే సన్నటి ప్లాస్టిక్ ట్యూబు చాలు. అందులో నీరు నింపితే రెండు కొసల్లోనూ నీరు ఒకే ఎత్తులో నిలుస్తుంది, మధ్యలో గాలి బుడగ ఇరుక్కోకుండా చూసుకోవాలి అంతే. మీ బడి మెట్టును ఆధారంగా పెట్టుకుని వీధి వీధికీ ఆ మట్టాన్ని తీసుకుపోండి. నిలిచిన నీటి పైమట్టం అంతటా దాదాపు సమానంగా ఉండాలి. రెండు వీధుల మధ్య తేడా వస్తే అక్కడ నీరు కదులుతూ ఉండేదనో, మధ్యలో ఏ రోడ్డో కట్టో అడ్డుపడిందనో అనుమానించాలి. ఆ అనుమానం తీర్చుకోవడమే మీ ప్రాజెక్టు.

ప్రతి కొలతనూ ఇద్దరు విడివిడిగా తీయండి. తేడా వస్తే సర్దేయకుండా రెండూ రాయండి. నీరు ఏ రోజు వచ్చింది, ఏ రోజు తీసింది ఇంటివారిని అడిగి పుస్తకంలో నమోదు చేయండి. ట్యూబు నేను కొని తెస్తాను. ఆదివారం ఎండ ముదరకముందే వస్తాను, టేపు మీ నాన్నగారిని అడిగి ఉంచండి.

ఆశీస్సులతో,
మీ తాతయ్య