రాళ్ల బ్రేక్‌వాటర్: కొన్ని అపోహలు, వాస్తవాలు

అపోహ: బ్రేక్‌వాటర్ (అలల నుంచి రేవును కాపాడే కట్ట) ఒక గోడ, సందులు ఎంత తక్కువైతే అంత గట్టిది.
వాస్తవం: విశాఖ ఔటర్ హార్బర్‌ను కాపాడే రాళ్ల కట్టల వంటి వాటిలో పైపొర ఘనపరిమాణంలో మూడో వంతుకు పైగా ఖాళీయే ఉంటుంది. అల ఆ సందుల్లోకి చొరబడి, సుడులు తిరిగి, తన శక్తిని అక్కడే పోగొట్టుకుంటుంది. చూపులకు బాగుంటుందని వాటిని కాంక్రీటుతో పూడిస్తే నీరు వాలు మీద మరింత పైకి ఎగబాకుతుంది, లోపల చిక్కిన నీటి పీడనం పైపొరను ఎత్తివేయడానికి చూస్తుంది.

అపోహ: అల కాస్త పెరిగితే రాయి కాస్త పెద్దదైతే సరిపోతుంది.
వాస్తవం: హడ్సన్ సూత్రం ప్రకారం, కావలసిన రాయి బరువు అల ఎత్తు ఘనానికి అనుపాతంలో ఉంటుంది, 4 మీటర్ల అలకు బదులు 5 మీటర్ల అల వస్తుందనుకుంటే బరువు దాదాపు రెట్టింపు అవుతుంది. సాంద్రత ప్రభావాన్ని చాలామంది పట్టించుకోరు. ఘనపు మీటరుకు 2.65 టన్నుల రాయికి బదులు 2.4 టన్నుల రాయి వాడితే, అదే వాలు మీద అదే అలకు ఒక్కో రాయి దాదాపు ఒకటిన్నర రెట్లు బరువుండాలి. రాయి మన్నిక కూడా అంతే ముఖ్యం. అందుకే రేవు పక్కనే డాల్ఫిన్స్ నోస్ కొండ ఉందని దాని ఖోండలైట్ రాయిని వాడేద్దామనే మాటకు నేను ఒప్పుకోను: ఆ రాయి వాతావరణానికి త్వరగా శిథిలమవుతుంది, కాబట్టి దూరమైనా గట్టి చార్నొకైట్ రాతి క్వారీని వెతకడమే మేలు. హడ్సన్ సూత్రంలో అలల కాలవ్యవధికీ (ఒక అల తర్వాత మరో అల రావడానికి పట్టే సమయం) తుపాను నిడివికీ చోటు లేదు. 1988లో వాన్ డెర్ మీర్ ఇచ్చిన సూత్రాలు వాటిని లెక్కలోకి తీసుకుంటాయి. అయినా తుది డిజైన్‌ను అలల తొట్టిలో నమూనాతో పరీక్షించాల్సిందే.

అపోహ: కాంక్రీటు దిమ్మలు రాయికన్నా ఎప్పుడూ నమ్మదగినవి.
వాస్తవం: పోర్చుగల్‌లోని సీనెస్‌లో 42 టన్నుల డోలోస్ అనే, సన్నని కాళ్లున్న కాంక్రీటు దిమ్మలతో కట్టిన బ్రేక్‌వాటర్ 1978 ఫిబ్రవరి తుపానులో ఘోరంగా దెబ్బతింది. ఇలాంటి పెద్ద దిమ్మలు, ఊగి ఒకదానికొకటి తగిలితే, విరిగిపోతాయి.

అపోహ: అలలు ఆగాయంటే పని అయిపోయినట్టే.
వాస్తవం: మన తీరంలో ఇసుక ఏడాది మొత్తం మీద దక్షిణం నుంచి ఉత్తరానికే ఎక్కువగా కదులుతుంది. రేవు తొలినాళ్లలోనే డాల్ఫిన్స్ నోస్ దగ్గర రెండు పాత ఓడలను ముంచి అడ్డుకట్టగా వాడటానికి ఒక కారణం ఈ ఇసుకే. ఇప్పటి కట్టలు కూడా దాన్ని దక్షిణాన ఆపేస్తాయి, ఉత్తరాన రామకృష్ణా బీచ్ కోతకు గురవుతుంది. అందువల్ల దక్షిణాన పేరుకున్న ఇసుకను డ్రెడ్జర్‌తో తోడి ఆ బీచ్‌కు చేర్చే పని కట్ట ఉన్నంతకాలం సాగవలసిందే, దాని ఖర్చును మొదటి అంచనాలోనే చూపాలి.