ఎస్‌క్యూలైట్ థ్రెడ్ మోడ్‌లు: ఆ మూడు అంకెల వెనక కథ

ఎస్‌క్యూలైట్ అనే డేటాబేస్ లైబ్రరీని సొంతంగా కంపైల్ చేసుకునేవాళ్లకు, థ్రెడ్ల (ఒకే ప్రోగ్రామ్‌లో పక్కపక్కనే నడిచే పనుల) మధ్య రక్షణ ఎంతో చెప్పే థ్రెడ్‌సేఫ్ సెట్టింగ్ దగ్గర 0, 1, 2 అని మూడు అంకెలు కనిపిస్తాయి. పెద్ద అంకె కాబట్టి 2లో రక్షణ ఎక్కువనుకుంటే పప్పులో కాలేసినట్టే. అన్నిటికంటే కట్టుదిట్టమైనది 1. అదే సీరియలైజ్డ్ మోడ్ (ఒకే కనెక్షన్‌ను ఎన్ని థ్రెడ్లు పిలిచినా లైబ్రరీయే వరుసలో పెడుతుంది), డిఫాల్ట్ కూడా అదే. 2 అంటే మల్టీ థ్రెడ్: థ్రెడ్లు ఎన్నున్నా సరే, ఒక కనెక్షన్‌ను రెండు థ్రెడ్లు ఒకేసారి ముట్టుకోకూడదు. 0లో మ్యూటెక్స్‌ల (ఒకసారికి ఒక థ్రెడ్‌నే లోపలికి రానిచ్చే తాళాల) కోడే ఉండదు. మొదట్లో ఈ సెట్టింగ్ రక్షణ ఉందా (1) లేదా (0) అన్న స్విచ్ మాత్రమే. మధ్యరకమైన 2 తర్వాత వచ్చింది, అందుకే ఈ అంకెల వరుస ఇలా ఉంది.

డి. రిచర్డ్ హిప్ 2000లో విడుదల చేసిన ఈ డేటాబేస్‌కు సర్వర్ లేదు. మన ప్రోగ్రామ్ ఏ థ్రెడ్ నుంచి పిలిస్తే ఆ థ్రెడ్‌లోనే దాని కోడ్ నడుస్తుంది. వచ్చిన పనులను వరుసలో నిలబెట్టే వేరే ప్రాసెస్ లేదు కనుక ఆ భారం లైబ్రరీ మీదో, మన మీదో పడాల్సిందే.

తొలినాళ్ల నియమం మరీ కఠినం: కనెక్షన్‌ను ఏ థ్రెడ్ తెరిచిందో ఆ థ్రెడ్డే వాడాలి. అసలు చిక్కు ఆపరేటింగ్ సిస్టమ్‌లో ఉంది. యూనిక్స్ తరహా సిస్టమ్‌ల ప్రమాణమైన పోజిక్స్ ప్రకారం ఫైల్ లాక్ ప్రాసెస్‌కు చెందుతుంది. లైనక్స్‌లోని పాత థ్రెడ్ లైబ్రరీ లైనక్స్‌థ్రెడ్స్‌లోనేమో ఒక్కో థ్రెడ్‌కు ఒక్కో ప్రాసెస్ నంబరు. దాంతో కొన్ని లైనక్స్ సిస్టమ్‌లలో ఒక థ్రెడ్ వేసిన లాక్‌ను మరో థ్రెడ్ తీయలేకపోయేది. నడుస్తున్న సిస్టమ్‌లో ఈ జబ్బు ఉందో లేదో తేల్చుకోవడానికి ఎస్‌క్యూలైట్ తానే థ్రెడ్లు సృష్టించి పరీక్షించుకునేది!

2006లో 3.3.1 వెర్షన్ పట్టు కాస్త సడలించింది: చేతిలో లాక్‌లేవీ లేనప్పుడు కనెక్షన్‌ను వేరే థ్రెడ్‌కు ఇవ్వొచ్చు. 2007 సెప్టెంబరులో 3.5.0 ఆ షరతునూ ఎత్తేసింది. నడిచే సమయంలో మోడ్ మార్చే కాన్ఫిగ్ ఫంక్షన్ 2008లో 3.6.0తో వచ్చింది. ఇంత చేసీ, 'థ్రెడ్లు చెడ్డవి, వాటి జోలికి పోవద్దు' అనే సలహా ఎస్‌క్యూలైట్ ప్రశ్నోత్తరాల్లో ఉండనే ఉంది. ఆ మాట ఎవరూ వినరని వాళ్లకూ తెలుసు.

పైథాన్ భాష 2.5 వెర్షన్‌లో ఎస్‌క్యూలైట్ మాడ్యూల్ చేరింది కూడా 2006లోనే. వేరే థ్రెడ్ నుంచి కనెక్షన్ వాడితే అది ఇప్పటికీ ఎర్రర్ ఇవ్వడం ఆ పాత నియమం మిగిల్చిన గుర్తే.

సీరియలైజ్డ్ ఉంది కదా అని ఒకే కనెక్షన్‌ను అందరికీ పంచేవాళ్లు ఒక సంగతి మరిచిపోతారు. ఆ మ్యూటెక్స్ కాపాడేది లైబ్రరీ లోపలి మెమరీని. ట్రాన్సాక్షన్ (ఒక కట్టగా నిలిచే లేదా పోయే మార్పులు) థ్రెడ్‌ది కాదు, కనెక్షన్‌ది. మొదటి థ్రెడ్ బిగిన్ చెప్పి ట్రాన్సాక్షన్ మొదలుపెట్టి ఒక వరుస రాసింది. ఈలోగా రెండో థ్రెడ్ అదే కనెక్షన్‌లో మరో వరుస చేర్చి, పని అయిపోయిందనుకుంది. మొదటిది ఏదో తేడా వచ్చి రోల్‌బ్యాక్ చేసింది, అంటే మార్పులన్నీ వెనక్కి తీసుకుంది. రెండో థ్రెడ్ రాసిన వరుస కూడా పోయింది. ఎర్రర్ లేదు, క్రాష్ లేదు. చివరగా చేర్చిన వరుస ఐడీ అడిగినా ఇంతే, పక్క థ్రెడ్ చేర్చినదాని ఐడీ చేతికి రావచ్చు. నన్నడిగితే థ్రెడ్‌కొక కనెక్షన్ పెట్టుకుంటే చాలు, అప్పుడు 2 మోడ్ సరిపోతుంది. వేగం కోసం 0కు దిగడం మాత్రం, థ్రెడ్లు అసలే లేని ప్రోగ్రామ్‌లో తప్ప, అనవసరపు సాహసం.

మోడ్ మార్చే కాన్ఫిగ్ కాల్ లైబ్రరీ ఇనిషియలైజ్ కాకముందే జరగాలి. కనెక్షన్ తెరిస్తే ఇనిషియలైజ్ దానంతటదే అయిపోతుంది కాబట్టి, మనకంటే ముందు ఏ ప్లగిన్ అయినా డేటాబేస్ తెరిస్తే మన కాల్ మిస్‌యూజ్ (తప్పు వాడకం) అనే ఎర్రర్ కోడ్‌తో వెనక్కి వస్తుంది. ఆ కోడ్‌ను చూసేవాళ్లు తక్కువ. పోనీ థ్రెడ్‌సేఫ్ ఫంక్షన్‌ను అడుగుదామంటే అది కంపైల్ నాటి విలువే చెబుతుంది, తర్వాత మార్చినది చెప్పదు. కనెక్షన్ తెరిచేటప్పుడు నోమ్యూటెక్స్, ఫుల్‌మ్యూటెక్స్ ఫ్లాగ్‌లతో దానికి విడిగా మోడ్ ఎంచుకోవచ్చు. కానీ 0తో కంపైల్ చేసిన లైబ్రరీలో ఇవేవీ పనిచేయవు, లేని మ్యూటెక్స్‌లు ఎక్కడి నుంచి వస్తాయి? ఇక డేటాబేస్ లాక్ అయిందన్న బిజీ ఎర్రర్‌కు మందు ఈ మోడ్‌లలో వెతకొద్దు. అది వేర్వేరు కనెక్షన్ల మధ్య ఫైల్ లాక్ తగాదా. దానికి బిజీ టైమవుట్ పెట్టాలి, లేదా 2010లో 3.7.0తో వచ్చిన వాల్ మోడ్‌కు (మార్పులను ముందు వేరే లాగ్ ఫైల్‌లో రాసే పద్ధతికి) మారాలి.