ఫ్రేమ్‌ల క్యూ ఎందుకు పొంగుతుంది, ఎందుకు ఎండుతుంది

పలు కెమెరాల వీడియోను అప్పటికప్పుడు కలిపే లైవ్ మిక్సింగ్‌లో బొమ్మ ఉన్నట్టుండి గెంతితే అందరూ ముందు ప్రాసెసర్‌నో నెట్‌వర్క్‌నో అనుమానిస్తారు. చాలాసార్లు అసలు కారణం వేరే: ఒక్కో కెమెరాది ఒక్కో గడియారం.

అనలాగ్ స్టూడియోలో ఈ బాధ లేదు. ఒకే సింక్ జనరేటర్ నుంచి వచ్చే బ్లాక్ బరస్ట్ అనే లయ సిగ్నల్‌కు జెన్‌లాక్ అయి, అంటే దానికి ముడిపడి, కెమెరాలన్నీ కలిసి నడిచేవి. బయటి నుంచి వచ్చే సిగ్నల్ మాత్రం లొంగేది కాదు. 1970లలో వచ్చిన ఫ్రేమ్ సింక్రొనైజర్ దానికి విరుగుడు: వచ్చిన ఫ్రేమ్‌ను మెమరీలో రాసుకుని, స్టూడియో లయలో చదివి ఇచ్చేది. లయలు మరీ జారితే ఒక ఫ్రేమ్‌ను వదిలేసేది, లేదా రెండోసారి చూపేది. నేటి సాఫ్ట్‌వేర్ క్యూ, అంటే వచ్చిన ఫ్రేమ్‌లు తమ వంతు కోసం ఆగే వరుస, చేసేదీ ఇదే పని.

యూఎస్‌బీ కెమెరాలు, నెట్‌వర్క్ స్ట్రీమ్‌లు వచ్చాక ఉమ్మడి గడియారం పోయింది. నెట్‌వర్క్‌లో ఆడియో, వీడియో పంపే 1996 నాటి ఆర్‌టీపీ ప్రమాణం ప్యాకెట్లకు టైమ్‌స్టాంప్ (సమయ ముద్ర) ఇచ్చింది, కానీ అది పంపేవైపు గడియారానిదే. గడియారాలను నడిపే రెండు క్రిస్టల్స్ మధ్య 50 పీపీఎం (పది లక్షల్లో 50 వంతుల) తేడా చాలు, సెకనుకు 30 ఫ్రేమ్‌ల దగ్గర సుమారు 11 నిమిషాలకు ఒక ఫ్రేమ్ మిగులుతుంది లేదా తగ్గుతుంది. క్యూ జిట్టర్‌ను, అంటే ఫ్రేమ్‌లు కాస్త ముందూ వెనకగా రావడాన్ని, మింగుతుంది; డ్రిఫ్ట్‌ను, అంటే గడియారాలు ఒకే దిక్కున జారిపోవడాన్ని, మింగలేదు. లోతు పెంచితే పొంగడం వాయిదా పడుతుందంతే; మూడు ఫ్రేమ్‌లు దాచితే 100 మిల్లీసెకన్ల ఆలస్యం మాత్రం ఖాయం.

1953 నాటి అమెరికా కలర్ టీవీ ప్రమాణం ఎన్‌టీఎస్‌సీ మరో చిక్కు మిగిల్చింది: సెకనుకు 30 ఫ్రేమ్‌లు కాదు, 30000/1001. మిక్సర్ టైమర్‌ను 33 మిల్లీసెకన్లకు కుదిస్తే దాదాపు ప్రతి 3 సెకన్లకూ ఒక ఫ్రేమ్ రిపీట్ అవుతుంది. ప్రతిసారీ ‘ఇప్పటి నుంచి ఇంతసేపు’ అని నిద్రపోతే పొరపాటు పేరుకుంటుంది. మొదలైన సమయానికి n × 1001/30000 సెకన్లు (n అంటే ఫ్రేమ్ సంఖ్య) కలిపి తర్వాతి గడువు కట్టాలి.

అన్నిటికన్నా మోసపుచ్చేది అంచు దగ్గరి సమస్య. కెమెరా ఫ్రేమ్, మిక్సర్ టిక్ (అది ఫ్రేమ్‌ను చదివే క్షణం) దాదాపు ఒకే క్షణాన పడుతున్నాయనుకోండి. అటూ ఇటూ 2 మిల్లీసెకన్ల జిట్టర్‌కే ఒక టిక్‌లో ఫ్రేమ్ దొరకదు, పాతదే వెళ్తుంది. తర్వాతి టిక్‌కు రెండు సిద్ధంగా ఉంటాయి, ఒకటి పోతుంది. 50 పీపీఎం తేడా ఆ అంచును దాటించడానికి నిమిషానికి పైగా పడుతుంది, అంతసేపూ బొమ్మ వణుకుతుంది. క్యూ పెంచక్కర్లేదు. చదివే సమయాన్ని అర ఫ్రేమ్, అంటే సుమారు 17 మిల్లీసెకన్లు, ఆలస్యం చేసి, హద్దు స్పష్టంగా దాటితేనే మళ్లీ సర్దాలి.

2015లో ఎస్‌టీ 2059, 2017లో ఎస్‌టీ 2110 అనే ప్రసార రంగ ప్రమాణాలు పీటీపీ (నెట్‌వర్క్‌లో గడియారాలను కలిపే పద్ధతి) ద్వారా ఉమ్మడి గడియారాన్ని నెట్‌వర్క్ మీదికి తెచ్చాయి. మామూలు వెబ్‌క్యామ్‌లు, ఫోన్లు దాన్ని అందుకోవు. వాటికి డ్రాప్, రిపీట్ నిర్ణయాలు మిక్సరే తీసుకోవాలి, ఆడియోను కొద్దిగా రీశాంపుల్ చేస్తూ, అంటే దాని వేగాన్ని సర్దుతూ, బొమ్మతో కలిపి నడపాలి.